స్కోపులో చెదిరిన చుక్క

బెంటన్‌విల్‌లో నేను పనిచేసిన టీమ్‌కి మేనేజర్‌గా ఉన్నాయన అర్కాన్సాలోనే పుట్టి పెరిగినవాడు. అరవైకి దగ్గరపడ్డవాడు. వారమంతా మాతోపాటు గిడ్డంగుల సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టి, శనివారం తెల్లవారగానే ఊరి బయట ఉన్న తన పొలానికి వెళ్లిపోయేవాడు. అక్కడ ఆయనకు నల్ల ఆవుల మంద ఉండేది. అడవి పందులు వచ్చి ఆయన గడ్డి నేలను నాగలితో దున్నినట్టు పెళ్లగించి పోయేవి. ఆ గుంటల్లో పడి ఒక ఆవు కాలు విరిగిందని, ఇంకోసారి ట్రాక్టర్ ఒరిగిపోయిందని లంచ్ టైమ్‌లో చెబుతుండేవాడు. మేం అయ్యో అని, మళ్లీ మా డబ్బాల్లోని పులిహోరలో పడేవాళ్లం.

మాకు గ్రీన్ కార్డు వచ్చిన సంవత్సరం, 2013 ప్రాంతంలో, ఆయన ఒకరోజు నా డెస్క్ దగ్గర ఆగి, "తుపాకీ కాల్చడం నేర్చుకుంటావా? పందుల పని పట్టడానికి నాకు ఇంకో మనిషి కావాలి" అన్నాడు.

ఆఫీసులో మావాళ్లు చాలామంది ఉన్నారు. అందరినీ వదిలి నన్నే అడిగాడు. ఆ ఊళ్లో అన్నేళ్లుగా ఉంటున్నా, స్థానికుల ఇంటి వాకిలి దాటి లోపలికి వెళ్లింది తక్కువ. అందుకే ఆ పిలుపు నాకు చాలా గొప్పగా అనిపించింది. రెండు మూడు నెలలు శనివారాల్లో ఆయన పొలంలో కాగితం గుర్తుల మీద కాల్చడం నేర్చుకున్నాను. తర్వాత సొంతంగా ఒక రైఫిల్ కొన్నాను. దాని మీద గురి చూసుకునే దుర్భిణి, చవకగా దొరికిన ఒక మామూలు స్కోపు బిగించుకున్నాను.

నా భార్యకు ఇదేమీ నచ్చలేదు. ఆమె హాస్పిటల్ ల్యాబ్‌లో టెక్నాలజిస్ట్. రోజంతా మైక్రోస్కోప్‌లో రక్తం స్లైడ్లు చూడటం ఆమె ఉద్యోగం. "ఇంట్లో తుపాకీ ఏమిటండీ? మనకెందుకివన్నీ?" అంది. గరాజ్‌లో ఇనుప బీరువా పెట్టి, తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే పెట్టుకుంటానని మాటిచ్చాక ఊరుకుంది. స్నేహితులకు మాత్రం చెప్పొద్దంది. నేనూ చెప్పలేదు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి ఎవరింటికైనా వెళ్లినప్పుడు, "శనివారాలు ఎక్కడికి మాయమవుతున్నావ్ అన్నా?" అని అడిగితే, మేనేజర్‌గారి పొలంలో పని నేర్చుకుంటున్నాననేవాడిని. అందరూ నవ్వేవాళ్లు. అమెరికా వచ్చి వ్యవసాయం మొదలుపెట్టావా అనేవాళ్లు.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆయన నన్ను మొదటిసారి నిజంగా పందుల కోసం తీసుకెళ్లాడు. పొలం అంచున ఎండుగడ్డి చుట్టల వెనక ఇద్దరం బోర్లా పడుకున్నాం. పొద్దు గుంకింది. చెట్ల కింద చీకటి ముద్దగా పేరుకుంటోంది. నేల మీద మాత్రం ఇంకా కొంచెం వెలుగుంది. ఎత్తుగా పెరిగిన గడ్డిలో, మాకు బాగా దగ్గర్లోనే, ఏదో నల్లగా కదిలింది. గుండ్రటి వీపు. తల కిందికి వంచి ఉంది.

"పంది" అన్నాను గుసగుసగా.

ఆయన ఏదో అంటున్నాడు. నేను వినలేదు. స్కోపులోకి చూశాను. నల్లటి ఆకారం మీద స్కోపులోని నల్లగీతలు కనిపించకుండా పోయాయి. అయినా నాకు అనుమానం రాలేదు. సేఫ్టీ లాక్ తీసేశాను. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది.

అప్పుడు ఆయన చెయ్యి వచ్చి నా రైఫిల్ మీద పడింది. గొట్టాన్ని మట్టిలోకి అదిమింది.

"ఆగు. అది మాదేమో."

ఆ నల్లటి ఆకారం లేచి నిలబడింది. సన్నటి పొడుగాటి కాళ్లు. చెవులు విదిలించింది. తోక పైకెత్తి, పాల కోసం తల్లిని వెతుక్కుంటూ పరుగెత్తింది. ఆ నెలలోనే పుట్టిన దూడ అది.

ఆయన నన్నేమీ అనలేదు. నా రైఫిల్ తీసుకుని, తూటాలు బయటికి తీసి, మళ్లీ నా చేతికిచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ట్రక్కులో వర్షాల గురించి మాట్లాడాడు. ఈ ఏడు గడ్డి రెండో కోత బాగా వచ్చిందన్నాడు. అవునవును అంటూ వచ్చాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. సోమవారం ఆఫీసులో ఎప్పటిలాగే గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఆ తర్వాత పొలానికి రమ్మని పిలవలేదు.

ఇంట్లో నా భార్య, "ఏమైంది? దొరికిందా?" అని అడిగింది.

"ఏమీ రాలేదు" అన్నాను.

ఆ వారమంతా నేను ఒక్కటే ఆలోచించాను. తప్పు ఎక్కడ జరిగింది? వెతికితే సమాధానం తొందరగానే దొరికింది. తప్పు స్కోపుది. నల్లటి జంతువు మీద నల్లటి గీతలు, అదీ మునిమాపు వేళ, ఎవరికి మాత్రం ఏం కనిపిస్తుంది? ఆ సమాధానం దొరకగానే నా ప్రాణం ఎంత తేలికపడిందంటే, ఇక అటూ ఇటూ చూడలేదు.

మంచి స్కోపు ఎంచుకోవడంలో పడ్డాను. నాకు కావలసింది తక్కువ పవర్ వేరియబుల్ స్కోపు అని తెలుసుకున్నాను. దాని మీదున్న రింగ్‌ని ఒకటి అంకె దగ్గర పెడితే మామూలు కంటికి ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. తిప్పుకుంటూ పోతే ఆరు రెట్ల దాకా దగ్గరికొస్తుంది. దగ్గర్లో పరుగెత్తే పందికీ, పొలం అవతల నిలబడ్డ పందికీ ఒకటే సరిపోతుంది. లోపల గురి చూసుకోవడానికి ఉండే సన్నటి గీతల గుర్తును రెటికల్ అంటారు. దాని మధ్యలో ఉన్న చుక్కను చిన్న బ్యాటరీ ఎర్రగా వెలిగిస్తుంది. చాలావాటిలో ఆ వెలుగు చీకట్లో తప్ప కనిపించదు, ఎండలో వెలవెలబోతుంది. పట్టపగలు కూడా నిప్పుకణికలా కనిపించే చుక్క ఉన్నవి కొన్నే ఉండేవి. వాటి ధర కూడా అలాగే ఉండేది. నాకు అలాంటిదే కావాలనిపించింది. ఎంత ప్రకాశం ఉంటే అంత మంచిదనుకున్నాను.

ఆన్‌లైన్ ఫోరమ్‌లలో చేరి, పనైపోయాక కూర్చుని చదివేవాడిని. ఏ అద్దం అంచుల్లో మసకగా ఉంటుంది, ఏ స్కోపులో కన్ను కొంచెం జరిగితే బొమ్మ నల్లబడుతుంది, ఏ బ్యాటరీ చలికి నిలవదు, అన్నీ నాకు నోటికొచ్చేశాయి. అప్పటికి నేను ఒక్క పందిని కూడా చూడలేదు. అయినా కొత్తగా వచ్చినవాళ్లు ఏదైనా అడిగితే జవాబులు రాసేవాడిని. అదీ అనుభవం ఉన్నవాడిలాగా.

మొదటి స్కోపు వచ్చింది. పెరట్లో నిలబడి అవతలి వీధిలోని చెట్టు వైపు చూశాను. ఎర్ర చుక్క గుండ్రంగా లేదు. తడి వేలితో చెరిపిన కుంకుమ బొట్టులా ఒక పక్కకు పాకింది. చుట్టూ ముళ్లలాంటి వెలుగు తోకలు. ప్రకాశం పెంచినకొద్దీ తోకలు పెరిగాయి. బాగాలేదని తిప్పి పంపేశాను. ఇంకో కంపెనీది తెప్పించాను. అందులోనూ అంతే, పైగా చుక్క పక్కన ఇంకో మసక చుక్క. ఊళ్లో తుపాకుల దుకాణానికి వెళ్లి, కౌంటర్ దగ్గర ఇంకో రెండు మూడు తీయించి, తలుపులోంచి రోడ్డు వైపు చూశాను. అన్నిట్లోనూ అవే తోకలు. "ఈమధ్య ఎవరూ సరిగా తయారుచేయడం లేదు" అన్నాను. దుకాణంలో అతను నా కళ్లద్దాల వైపు ఒకసారి చూసి, "అంతేనేమో సర్" అన్నాడు.

ఫోరమ్‌లో కోపంగా ఒక పెద్ద పోస్ట్ రాశాను. ఇంత డబ్బు తీసుకుని గుండ్రటి చుక్క కూడా ఇవ్వలేకపోతున్నారని, జనం కళ్లు మూసుకుని పొగుడుతున్నారని. ఎవరో కింద మర్యాదగా అడిగారు: మీరు కళ్లు పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది? నాకు మండిపోయింది. నా కళ్లకు కళ్లద్దాలున్నాయి, థాంక్యూ, అని జవాబిచ్చాను.

మూడోది అన్నిటికన్నా ఖరీదైనది. నా భార్యకు చెప్పకుండా ఆర్డర్ చేశాను. ఆమెకు సెలవున్న రోజే వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చేసరికి డబ్బా డైనింగ్ టేబుల్ మీద విప్పి ఉంది. ఆమె ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఇది మూడోది కదా?" అంది.

"ముందు వచ్చినవి బాగాలేవు."

"ఏం బాగాలేవు?"

"చుక్క చెదిరిపోతోంది. క్వాలిటీ లేదు."

"రెండు కంపెనీలవీ చెదిరిపోయాయా?"

ఆమె చేతులు తుడుచుకుని, స్కోపు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. తుపాకీని ముట్టుకోను అన్న మనిషి. దీన్ని మాత్రం తన ల్యాబ్‌లోని వస్తువులాగే పట్టుకుంది. కంటి దగ్గరి రింగ్‌ని కొంచెం తిప్పింది, ఆగింది, మళ్లీ కొంచెం తిప్పింది. ఎదురింటి మెయిల్‌బాక్స్ వైపు చూస్తోంది.

"చక్కగా ఉంది కదండీ" అంది. "చిన్నగా, గుండ్రంగా. ఎంత క్లియర్‌గా ఉందో."

"బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి చూడు."

"ఫుల్‌లోనే ఉంది." కన్ను తీసి నా వైపు చూసింది. "ముందువాటిలో మీకెలా కనిపించింది?"

చేత్తో గాల్లో చూపించాను. ఇలా పాకుతుంది, ఇలా తోకలు, పక్కన ఇంకోటి. చెబుతూంటే నా మాటలు నాకే వినిపించడం మొదలైంది. ఆమె స్కోపు నా చేతికిచ్చి, "ఎడమ కంటితో చూడండి" అంది.

రైఫిల్ నేర్చుకున్నప్పటి నుంచి కుడి కంటితోనే చూశాను. ఎడమ కంటితో చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు. ఇప్పుడు పెట్టి చూశాను. ఎదురింటి మెయిల్‌బాక్స్ మీద, సూదితో పొడిచినట్టు, ఎర్రటి గుండ్రటి చుక్క. తోకల్లేవు. రెండో చుక్క లేదు. నేను చూస్తూనే ఉండిపోయాను. స్కోపు దించితే ఆమె ముఖం చూడాల్సి వస్తుంది.

"రేపు ఐ డాక్టర్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నా" అంది ఆమె. మళ్లీ చిక్కుడుకాయల దగ్గరికి వెళ్లింది.

డాక్టర్ కంట్లో చుక్కలు వేసి, దీపం పెట్టి చాలాసేపు చూశాడు. కుడి కంట్లో శుక్లం అన్నాడు. నాకింకా నలభై రెండు నిండలేదు. మీ వయసుకి ఇది తొందరే, చిన్నప్పటి నుంచి ఆస్తమాకి వాడిన స్టెరాయిడ్ల వల్ల కావచ్చు అన్నాడు. తర్వాత మామూలుగా అడిగాడు: "రాత్రిపూట డ్రైవింగ్ ఎలా ఉంది? ఎదురు లైట్లు పడితే ఇబ్బందిగా ఉంటుందా?"

నా భార్య పక్కనే కుర్చీలో ఉంది. "కొంచెం" అన్నాను.

కళ్లలో మందు ఉంది కాబట్టి కారు ఆమే నడిపింది. మెయిన్ రోడ్డెక్కాక, "రాత్రిళ్లు టల్సా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లినప్పుడల్లా నిద్ర వస్తోందని నాతో డ్రైవ్ చేయించారు. నిజంగా నిద్రేనా?" అంది.

"ఎదురు లైట్లు చెదిరేవి. అందరికీ అలాగే ఉంటుందనుకున్నా."

"అనుకుంటే నాకెందుకు ఇచ్చారు స్టీరింగ్?"

ఎర్రలైటు దగ్గర కారు ఆగింది.

"ఆ పొలంలో కూడా ఇలాగే కనిపించిందా?" అంది.

ఏమీ రాలేదని అప్పుడు ఆమెకు చెప్పాను కదా. ఇప్పుడు దూడ సంగతి చెప్పాను. ఆమె లైటు దాటాక ఒక పిజ్జా షాపు పార్కింగ్‌లోకి కారు తిప్పి, ఇంజన్ ఆపేసింది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"దూడ కాకుండా ఆయన మనవలెవరైనా ఉండుంటే?"

నేను కిందికి చూశాను. మందు వల్ల కాళ్ల దగ్గరి మ్యాట్ కూడా తెల్లగా మెరుస్తోంది. ఆమె కారు స్టార్ట్ చేసి ఇంటికి తీసుకొచ్చింది. గరాజ్ బీరువా తాళంచెవి అడిగి తీసుకుంది.

సిగ్గుగానే ఉంది. కానీ లోలోపల చిన్న ఊరట కూడా ఉంది, అది దాచడం ఎందుకు. నాది పొరపాటు కాదు, జబ్బు. డాక్టర్ చెప్పాడు. ఇక మేనేజర్‌కి తలెత్తుకుని చెప్పొచ్చు. సోమవారం ఆయన క్యాబిన్‌లోకి వెళ్లి తలుపు వేశాను. శుక్లం గురించి చెప్పాను, వెలుగు ఎలా చెదురుతుందో చెప్పాను, ఆపరేషన్ తేదీ ఇచ్చారని చెప్పాను. "ఆ రోజు సాయంత్రం జరిగింది అందువల్లే" అన్నాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. కంటికి నయమవుతుందా అని అడిగాడు. అవుతుందంటే సంతోషం అన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఒక మాట చెప్పనా? ఆ వెలుతురులో నాకూ అది ఏమిటో తెలియలేదు. నా కళ్లు బాగానే ఉన్నాయి. అయినా తెలియలేదు."

నాకు అర్థం కాలేదు.

"తెలియకపోతే నేను కాల్చను" అన్నాడు. "నువ్వు స్కోపులోకి చూడకముందే పంది అనేశావు. నేను ఆగమంటూనే ఉన్నాను. అది పందే కావాలని నీకుంది. అంతే."

గొంతు పెంచలేదు. ఆఫీసులో కోడ్‌లో తప్పు చూపించినప్పుడు మాట్లాడినట్టే మాట్లాడాడు. నా ముఖం ఒక్కసారిగా మండింది. ఆ డాక్టర్ మాటలను సర్టిఫికెట్‌లా పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడ్డాను. అది గుర్తొస్తే ఈనాటికీ, ఒంటరిగా ఉన్నా, కళ్లు మూసుకుంటాను. దూడ విషయంలో కలిగిన సిగ్గు వేరు. ఇది వేరు. పొలంలో ఆ సాయంత్రం ఆయన ఏమీ అనకుండా, నా తప్పు నేనే తెలుసుకునే అవకాశం ఇచ్చాడు. నేను దాన్ని కూడా వాడుకుని నన్ను నేను మంచివాడిని చేసుకోబోయాను.

"సారీ" అన్నాను.

"కన్ను బాగు చేయించుకో ముందు" అన్నాడు.

చలికాలంలో ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ప్రపంచం కొంచెం నీలంగా, కడిగినట్టుగా కనిపించింది. మూడో స్కోపు ఇంకా ఇంట్లోనే ఉంది, తిప్పి పంపడం మరిచిపోయాం. కొన్ని రోజులాగి, కిటికీ దగ్గర కుడి కంటితో చూశాను. చుక్క గుండ్రంగా ఉంది. ఫోరమ్‌లో నా పాత పోస్ట్ కింద, లోపం స్కోపులది కాదు, నా కంటిది అని రాశాను. కళ్ల పరీక్ష గురించి అడిగిన మనిషికి క్షమాపణ చెప్పాను. ఆయన, "జరుగుతుంటాయి, కన్ను బాగుపడింది కదా" అని రాశాడు. ఇంకెవరూ పట్టించుకోలేదు. తిప్పి పంపినవాటి మీద అమ్మినవాళ్లు ఎంత నష్టపోయారో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

వసంతంలో మేనేజర్ మళ్లీ పిలిచాడు. పందుల కోసం కాదు. అవి తవ్విన గుంటలు పూడ్చడానికి. శనివారాలు పార పట్టుకుని వెళ్లాను. నాతోపాటు నా భార్య కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది. ఆయన భార్యతో కూర్చుని టమాటా మొక్కల గురించి మాట్లాడేది. ఆవులు కంచె దగ్గరికి వస్తే ఆమె చెయ్యి చాపేది. నేను దూరంగా పని చేసుకునేవాడిని.

మళ్లీ శరత్కాలం వచ్చాక ఆయన, "రైఫిల్ తీసుకురా" అన్నాడు. ఇంటికొచ్చి నా భార్యను తాళంచెవి అడగడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. "సరిగా తెలియకపోతే?" అంది.

"కాల్చను."

"ఆయన కాల్చమన్నా?"

"కాల్చను."

తాళంచెవి ఇచ్చింది.

పొలంలో మధ్యాహ్నమే కొత్త స్కోపు బిగించి, కాగితం మీద కాల్చి సరిచూసుకున్నాం. ఆ ఎండలో ప్రకాశం ఫుల్‌గా పెట్టాల్సి వచ్చింది. సాయంత్రం గడ్డి చుట్టల వెనక చేరాక, ఆయన నా స్కోపులోకి ఒకసారి తొంగి చూసి, వెలుగు మీట తిప్పి చివరికంటా తగ్గించేశాడు. "మునిమాపు వేళ ఇంత వెలుగుంటే నీకు చుక్క ఒక్కటే కనిపిస్తుంది" అన్నాడు. నిజమే. తగ్గించాక చుక్క మిణుకుమిణుకుమంటూ ఉంది, దాని చుట్టూ గడ్డి, గడ్డి వెనక చెట్లు, అన్నీ కనిపించాయి. అన్ని నెలలు నేను ప్రకాశం ప్రకాశం అంటూ వెతికాను. ఎక్కడ ఎంత కావాలో మాత్రం ఎక్కడా చదవలేదు.

ఆ సాయంత్రం ఏమీ రాలేదు. దూరంగా ఎక్కడో కొమ్మలు విరిగిన చప్పుడైంది, అంతే. వెలుగు పూర్తిగా తగ్గాక ఆయన లేచి, మోకాళ్లు రుద్దుకుని, నా రైఫిల్‌లోంచి తూటాలు తీయడం చూస్తూ నిలబడ్డాడు. నేనే తీశాను.

ట్రక్కు వైపు నడుస్తుంటే, "స్కోపు ఎలా ఉంది?" అని అడిగాడు.

"బాగుంది" అన్నాను. చెవులు వేడెక్కాయి. ఆయనకు కనిపించేంత వెలుగు లేదు అప్పటికి.